గోడకెక్కిన సాసు

ఆదివారం పొద్దున రంగులాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం షాపు ఓనరుగారు భోజనానికి వస్తారు. పాస్తా ఉడకబెట్టాలి, ఒక సాసు చెయ్యాలి, పక్కన నంజుకోవడానికి రెండు రకాలు పెట్టాలి, తిన్న నోటితో ఆయన చేత ఒక మంచిమాట అనిపించుకోవాలి. అంతే. కొంపలు ముంచేవి ఎప్పుడూ ఇలాంటి చిన్న పథకాలే. పెద్దదయితే మనిషి భయపడి కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాడు.

రంగులాయన అంటే బొమ్మలు వేసేవాడు కాదు. రంగుల షాపులో కౌంటరు వెనక నిలబడి గోడలకు వేసే రంగులు కలిపే మనిషి. ఎవరైనా దిండు గలీబు తెచ్చి "ఇదే రంగు కావాలి" అన్నా, వాడిపోయిన పువ్వు తెచ్చి "నిన్న ఎలా ఉందో ఆ రంగు కావాలి" అన్నా, చుక్క ఇది, చుక్క అది వేసి, కర్రతో తిప్పి, వెలుతురుకేసి పట్టి చూసి ఇచ్చేసేవాడు. అతనికున్న ఆస్తల్లా ఆ రెండు కళ్ళే. అలాంటిది, బటను నొక్కితే రంగు కలిపే మిషను ఒకటి వచ్చిందని ఎవరో పుణ్యాత్ముడు ఓనరుగారి చెవిన వేశాడు. అప్పటినుంచి ఓనరుగారు కౌంటరు దగ్గరికొచ్చినప్పుడల్లా రంగులాయన మొహం చూడడం మానేసి అతను నిలబడ్డ జాగా చూడడం మొదలుపెట్టాడు, అందులో మిషను పడుతుందా పట్టదా అని.

దానికి తోడు డాక్టరమ్మ గొడవ. ఆవిడ పళ్ళ డాక్టరు. క్లినిక్కు గోడలకు కొత్త రంగు వేయిస్తానని కుర్చీలన్నీ ఒక గదిలోకి తోయించి, తలుపు మీద "మూసివేయబడినది" అని తగిలించి కూర్చుంది. రంగు మాత్రం ఏది పంపినా వద్దంది. ఒకటి వాచిన పంటిచిగురులా ఉందంది. ఒకటి దగ్గు మందులా ఉందంది. ఇంకొకటి చూసి, "ఇది చూస్తే మా ఆడపడుచు గుర్తొస్తోంది, తీసెయ్యండి," అంది. ఈ బాధ అందరికంటే ఓనరుగారికి ఎక్కువ. ఆయన పై పళ్ళ సెట్టు పెట్టింది ఆవిడే. కింది సెట్టు ఇంకా పెట్టాలి.

"ఆవిడ రంగు ఒప్పుకుంటేగా గోడలయ్యేది! గోడలయితేగా క్లినిక్కు తెరిచేది! తెరిస్తేగా నా కింది పళ్ళు!" అని శుక్రవారం సాయంత్రం ఆయన రంగులాయన మీద విరుచుకుపడ్డాడు. "నా కింది దవడ నీ చేతిలో ఉందయ్యా. ఆదివారానికి మూడు రంగులు కలిపి పంపు. అందులో ఒక్కటి ఆవిడకి నచ్చితే సరే సరి. లేకపోతే సోమవారం మిషను వస్తుంది, నువ్వు వెళ్తావు."

ఓనరుగారిని భోజనానికి పిలవమన్నది రంగులాయన భార్య. ఆవిడ టెలిఫోను కంపెనీలో ఫిర్యాదులు వినే ఉద్యోగం చేస్తుంది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఊరివాళ్ళ తిట్లన్నీ చెవుల్లో పోసుకుని, ఇంటికొచ్చి హాయిగా నిద్రపోగల మనిషి.

"తిట్టేవాళ్ళ నోట్లో ముందు ఏదో ఒకటి పెట్టాలండీ. అది లోపలికి పోయేలోపు సగం కోపం చల్లారిపోతుంది," అంది.

"ఆయనకి నమలడానికి పళ్ళేవే?"

"అందుకేగా పాస్తా అంటున్నా! కాస్త ఎక్కువసేపు ఉడకనిస్తే నాలిక మీద పెట్టగానే జారిపోతుంది. నీళ్ళు కాగాలి, వెయ్యాలి, వార్చాలి. దీన్ని మించిన సులువైన వంట ఇంకోటి లేదు."

"మరి పక్కన?"

"వెల్లుల్లి రాసి కరకరలాడేలా కాల్చిన రొట్టె, కీరదోస ముక్కలు..."

"కీరదోస ముక్క కొరకాలంటే ఆయన పై పళ్ళు కిందికి దిగి రావాలే!"

మంచం మీద కూర్చుని ఇదంతా వింటున్న అత్తగారు కలగజేసుకుంది. ఈవిడ ఇల్లాలి తల్లి, కూతురి దగ్గరే ఉంటుంది. ఆ ఇంట్లో ఆవిడ సలహా లేకుండా కిటికీ రెక్క కూడా తెరుచుకోదు. "గుమ్మడికాయ వెన్నలో మగ్గబెట్టండి అల్లుడుగారూ. బంగాళదుంప ఉడకబెట్టి మెదపండి. పళ్ళు లేనివాడికి రెండు మెత్తవి పెడితే మూడోది అడగడు. మరి సాసు ఏది?"

అదిగో, అక్కడ మొదలైంది. ఇల్లాలు తెల్లది కావాలంది, పాలూ మైదా వెన్నా వేసి. అత్తగారు ఎర్రది కావాలంది, పుల్లపుల్లగా టమాటాలతో. రంగులాయన ఇద్దరి వంకా చూశాడు. భార్యను కాదంటే వారం రోజులు ఫిర్యాదుల ఆఫీసు గొంతుతో మాట్లాడుతుంది. అత్తగారిని కాదంటే ఆవిడ ఏమీ అనదు, అది మరీ ప్రమాదం. "రెండూ చేద్దాం," అన్నాడు. అన్నాక కంటికి ఏదో వెలితిగా తోచింది. ఎరుపూ తెలుపూ పక్కపక్కన ఉంటే మధ్యలో పచ్చన ఉంటేనే నప్పుతుంది. పాలకూర, వెల్లుల్లి, జీడిపప్పు నూరి పచ్చ సాసు కూడా చేద్దామన్నాడు.

"భోజనానికి వచ్చేది ఒక్కడండీ," అంది భార్య.

"కళ్ళు రెండుంటాయి కదే."

వంటకు తనే దిగాడు. దిగినవాడు వంట చేశాడా అంటే లేదు, రంగులు కలిపాడు. టమాటా సాసును గరిటెతో తీసి కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, ఒక కన్ను మూసి చూసి, "ఎరుపు పడుకుంది" అని బీటురూటు ముక్క తురిమి వేశాడు. మళ్ళీ చూసి, "ఇప్పుడు మరీ లేచి కూర్చుంది" అని ఒక చెంచా తెల్ల సాసు కలిపాడు. తెల్ల సాసులో వెన్న ఎక్కువై పసుపు తిరిగిందని మొత్తం మళ్ళీ చేశాడు. భార్య నడుం మీద చేతులు పెట్టుకుని చూసి చూసి, "ఏమండీ, అది పోయేది నోట్లోకండీ, గోడ మీదికి కాదు," అంది. ఆ మాట ఆ పొద్దున ఎవరూ పట్టించుకోలేదు.

చేసిన మూడు సాసులనూ అతను గిన్నెల్లో పోయనివ్వలేదు. స్టీలు గిన్నె రంగుని పాడుచేస్తుందట. రంగుల నమూనాలకు వాడే చిన్న డబ్బాలు, మూతలవి, కొత్తవి ఇంట్లో ఒక దొంతర ఉన్నాయి. వాటిని వేడినీళ్ళతో కడిగి, తుడిచి, సాసులు పోసి, మూతలు బిగించి, మూత మీద లోపలున్నదానితోనే ఒక్కో చుక్క పెట్టాడు. రంగుల షాపులో డబ్బా తెరవకుండా లోపల ఏముందో తెలియడానికి అలా చుక్క పెడతారు. చెయ్యి అలవాటు పడ్డాక అది సాసని దానికేం తెలుసు! చల్లారాలని మూడింటినీ వరండాలో గోడ మీద వరసగా నిలబెట్టాడు.

ఆ గోడ కింద, బల్ల నీడన, డాక్టరమ్మకు పంపాల్సిన మూడు రంగులు అప్పటికే ఉన్నాయి. షాపులో ట్యూబులైటు అబద్ధాలాడుతుందని శనివారం వాటిని ఇంటికి తెచ్చి ఎండ వెలుతురులో కలిపాడు. ఒకటి ఇటుక ఎరుపు, ఒకటి వెన్న తెలుపు, ఒకటి ఆకుపచ్చ. అవే డబ్బాలు, అవే మూతలు, అవే చుక్కలు. తేడా ఒక్కటే. రంగు మీద పొర కట్టకూడదని వాటి మీద తడిగుడ్డ కప్పాడు.

అతను చీజు తేవడానికి బజారుకు వెళ్ళాడు. భార్య తలంటుకోవడానికి వెళ్ళింది. వరండాలోకి అత్తగారు వచ్చింది.

ఆవిడకు జీవితంలో కొన్ని విషయాల మీద అనుమానమే లేదు. తడిగుడ్డ కప్పి నీడన పెట్టినది తిండి. గోడ మీద ఎండలో నిలబెట్టినది సామాను. పాపం, తిండిని నేల మీద పెట్టి వెళ్ళిపోయాడు అల్లుడు, చీమలు పట్టవూ! అనుకుని, తడిగుడ్డ కింది మూడు డబ్బాలనూ కొంగులో పెట్టుకుని తీసుకెళ్ళి ఫ్రిజ్జులో సర్దింది. సర్ది నడుం నిటారు చేసుకునేలోగా బయట సైకిలు బెల్లు మోగింది.

వచ్చినవాడు బ్రష్షు బాబాయి. గోడలకు రంగులు వేసే పెద్దమనిషి, డాక్టరమ్మ క్లినిక్కు పని అతనిదే. ఎవరికీ బాబాయి కాడు, అందరికీ బాబాయే. టర్పెంటైను వాసన ఏళ్ళ తరబడి పీల్చి పీల్చి ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది. పక్కింట్లో కొంప అంటుకున్నా కళ్ళతో చూస్తేగాని తెలియదు.

"ఏవమ్మోయ్, అబ్బాయి డబ్బాలు పెట్టి వెళ్ళాడా?" అన్నాడు.

"అవిగో, గోడ మీద నిక్షేపంలా ఉన్నాయి. తీసుకుపో."

"ఇంకా వెచ్చగా ఉన్నాయేంటి?"

"ఎండలో పెడితే వెచ్చగా ఉండక వణుకుతాయా?"

బాబాయి మూత మీద చుక్కలు చూసుకున్నాడు. ఎరుపు, తెలుపు, పచ్చ. సరిపోయింది. సంచిలో వేసుకుని సైకిలెక్కాడు.

రంగులాయన చీజుతో తిరిగొచ్చేసరికి గోడ మీద డబ్బాల్లేవు, బల్ల కింద డబ్బాల్లేవు. "సాసులేవి అత్తయ్యా?" అని అడిగాడు. "ఫ్రిజ్జులో." "రంగులో?" "బాబాయి తీసుకెళ్ళాడు." ఇంతకంటే తృప్తికరమైన జవాబులు ఏ అల్లుడికి దొరుకుతాయి! కుర్చీలో కూలబడి కాళ్ళు చాపుకున్నాడు.

మధ్యాహ్నం బాబాయి ఫోను చేశాడు. "అబ్బాయ్, ఏం కలిపావురా! బ్రష్షు పెడితే వెన్నలా పోతోంది!"

"మరేమనుకున్నావ్ బాబాయ్."

"కాస్త పలుకులు పలుకులుగా తగులుతోంది."

రంగులాయన భృకుటి ముడిపడింది. తన రంగులో పలుకులా! "నీ బ్రష్షు ఎన్నాళ్ళయింది కడిగి?" అన్నాడు.

"అదీ నిజమేలే," అని బాబాయి ఒప్పుకున్నాడు. "మూడూ తలుపంత తలుపంత పట్టీలు వేశాను. డాక్టరమ్మ వస్తోంది. దుమ్మని మూతికీ ముక్కుకీ మాస్కు కట్టుకుంది. ఉంటా."

కాసేపటికి మళ్ళీ ఫోను. ఈసారి ఓనరుగారు. రంగులాయన గుండె చిక్కబట్టుకుని ఎత్తాడు. అవతల్నుంచి వచ్చిన గొంతు ఎంత తియ్యగా ఉందంటే, రాంగు నంబరేమో అనుకున్నాడు.

"నాయనా! ఒప్పుకుందయ్యా! ఆ ఎర్రది చూసి అక్కడే నిలబడిపోయిందట. 'ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారు దీన్ని' అందట. ఇదిగో, ఆవిణ్ణి కూడా సాయంత్రం భోజనానికి తీసుకొస్తున్నా. కలిపిన మనిషిని చూస్తానంటోంది. మిషను సంగతి తర్వాత చూద్దాంలే!"

రంగులాయన ఫోను పెట్టేసి, భార్యను చూసి, అత్తగారిని చూసి, గోడకేసి చూసి నవ్వాడు. "నా కళ్ళు నా కళ్ళే," అన్నాడు. "మిషనుకి కళ్ళుంటాయిటే? చెప్పు, ఉంటాయా?" సాయంత్రం దాకా ఆ ఇంట్లో ఎవరు ఏం మాట్లాడినా చివరికి అతని కళ్ళ దగ్గరికే తేలింది.

ఓనరుగారు రావడానికి ఇంకా కాస్త టైముండగా అత్తగారు వంటింట్లోకి వెళ్ళింది. కొత్త వంట, ముందు ఒక ప్లేటెడు చేసి చూస్తే పోలేదా అనిపించింది. గుప్పెడు పాస్తా ఉడకబెట్టి, వార్చి, బాణలిలో వేసి, ఫ్రిజ్జులోంచి డబ్బాలు తీసింది. ఎర్రది రెండు గరిటెలు. మరీ ఎర్రగా ఉందని తెల్లది మూడు గరిటెలు. ఏదో తక్కువైందని పచ్చది చిటికెడు. ఉప్పు. పైన మిరియాలు దంచి చల్లింది. కలుపుతుంటే ముచ్చటేసింది. ఎంత నున్నగా పట్టుకుంది! ఒక్క పలుకు లేదు. అయితే గరిటె పైకెత్తితే బాణలి కూడా దానితో పాటు లేస్తోంది. వాసన చూద్దామని వంగింది. రోజంతా ఇంట్లో నిండిన వెల్లుల్లి వాసన తప్ప ఇంకేం తెలియలేదు. ప్లేట్లోకి ఎత్తి, ముక్క తీసి నోటి దాకా తెచ్చింది.

"అత్తయ్యా!"

గుమ్మంలో అల్లుడు. ఆ కేకకు ఆవిడ చేతిలోని ముక్క వెళ్ళి గోడకు అతుక్కుంది. కింద పడలేదు. అతుక్కునే ఉంది.

రంగులాయన ప్లేటు కేసి చూశాడు. అంత నున్నటి మెరుపు సాసుకు రాదు. డబ్బా ఎత్తి కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చూశాడు. తన ఇటుక ఎరుపు. తను శనివారం కళ్ళు కాయలు కాచేలా కలిపిన ఇటుక ఎరుపు. మరి అక్కడ క్లినిక్కు గోడ మీద... బాబాయి మాట చెవిలో గింగిరుమంది. పలుకులు పలుకులుగా.

"ఏమేవ్!" అని భార్యను పిలిచాడు.

ఆవిడ వచ్చి, డబ్బాలు చూసి, తల్లిని చూసి, భర్తను చూసి, సంగతంతా ఒక్క చూపులో గ్రహించింది. "అమ్మా, నాలిక మీద పెట్టావా?"

"పెట్టలేదే. ఈయన కేక పెట్టాడుగా. అయినా నాకేం తెలుసు, తిండికి తడిగుడ్డ కప్పుతారు గాని రంగుకెవరైనా కప్పుతారా? ఎవరి ఇంట్లోనయినా ఉందా ఈ చోద్యం?"

"నా రంగులు అత్తయ్యా! అక్కడ గోడకి టమాటా పూశారు! ఆవిడ టమాటాని ఒప్పుకుంది!"

"ఒప్పుకుంది కదా, ఇంకేం మరి," అంది అత్తగారు. "ఏదయితేనేం."

రంగులాయన బాబాయికి ఫోను చేశాడు. "బాబాయ్, ఆ డబ్బాల్లో ఇంకా ఏమన్నా మిగిలిందా?"

"ఎక్కడ మిగులుద్ది? ఎర్రది ఇంకో పూత వేశా. అవునురా, ఇది ఎండుతుంటే బీటలిస్తోందేంటి?"

"బాబాయ్, నీ కాళ్ళకి దణ్ణం పెడతా, ఆ గది తలుపు మూసెయ్. ఎవర్నీ వెళ్ళనివ్వకు."

"ఇంటికొచ్చేశాగా. ఆరాలని తలుపు బార్లా తీసి వచ్చాను."

రంగులాయన ఫోను పెట్టేశాడు. తర్వాత ఇల్లాలు ఆఫీసు గొంతు తీసింది. ఆవిడ ఆ గొంతు తీసిందంటే పరిస్థితి నిజంగా బాగాలేదన్నమాట.

"చూడండీ, మీ సమస్య మాకు అర్థమైంది. ఇప్పుడు ఏడిస్తే లాభం లేదు. ఆయన భోంచేసే దాకా నోరు విప్పకండి. రేపు పొద్దున్నే మళ్ళీ ఆ టమాటా సాసు చెయ్యండి, దాన్ని పక్కన పెట్టుకుని అచ్చం అలాంటి రంగు కలపండి, ఆవిడ నిద్రలేచేలోగా బాబాయి గోడ కడిగి పూసేస్తాడు. కలపగలరా?"

"కలుపుతాను. నిద్రలో కలుపుతాను."

"అయితే సరే. ఇప్పుడు సాసు కావాలి. ఏముంది ఇంట్లో?"

ఏమీ లేదు. టమాటాలు గోడ మీదున్నాయి, పాలు గోడ మీదున్నాయి, పాలకూర గోడ మీదుంది. మిగిలినవల్లా పక్కన పెడదామనుకున్న గుమ్మడికాయా బంగాళదుంపా. ఇల్లాలు వెన్నలో మగ్గిన గుమ్మడికాయను గుత్తితో మెత్తగా ఎనిపి, పాస్తా వార్చిన నీళ్ళు పోసి పలచన చేసి, చీజు తురిమి కలిపింది. నంజుకోవాల్సింది కాస్తా సాసైపోయింది. బంగాళదుంప ఒక్కటే పక్కన మిగిలింది, దిక్కులేని చుట్టంలాగా. రంగేసిన ప్లేటును ఎవరి కంటా పడకుండా సింకు వెనక గిన్నెల చాటున దాచారు. ఆ దాచడం సగంలో ఉండగానే తలుపు తట్టారు.

ఓనరుగారు పై పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ వచ్చాడు. ఆయన వెనక డాక్టరమ్మ. ఆవిడ రాగానే గది నాలుగు గోడలూ చూసి, "ఇది పాడైన తేనె రంగు," అంది. కూర్చోమనక ముందే కూర్చుంది.

"మీరేనా కలిపింది?" అని రంగులాయన్ని అడిగింది. "ఇన్నాళ్ళూ నాకు చూపించినవన్నీ చచ్చిన రంగులండీ. ఇవాళ్టిది బతికున్న రంగు. దాని ముందు నిలబడితే నోట్లో నీళ్ళూరాయంటే నమ్ముతారా?"

"నమ్ముతానమ్మా," అన్నాడు రంగులాయన నీరసంగా.

"ఏం కలిపారు అందులో?"

"అది... కొంచెం బీటురూటు రంగు... అలాంటిది."

"వినయమండీ, వినయం!" అని ఓనరుగారు పొంగిపోయి పాస్తా నోట్లో పెట్టుకున్నాడు. నమలనక్కర్లేకుండా జారింది. కళ్ళు మూసుకున్నాడు. "అబ్బ! ఏం సాసమ్మా ఇది?"

"పాత పద్ధతండీ," అంది ఇల్లాలు. పుట్టి ఇంకా గంట కాలేదు ఆ పద్ధతి.

ఆయన రెండోసారి వడ్డించుకున్నాడు. డాక్టరమ్మ కూడా ఏ వంకా పెట్టకుండా తింటోంది. రంగులాయన గుండె మెల్లగా తన చోటికి తను దిగుతోంది. గండం గడిచిందనే అనుకున్నాడు. సరిగ్గా అప్పుడు డాక్టరమ్మ ఫోను మోగింది.

"ఆఁ, చెప్పు వాచ్‌మన్... ఏంటీ? కుక్కా? ఏ కుక్క?... నాకిందా? గోడనా!" ఆవిడ లేచి నిలబడింది. "మొత్తమా? మూడు పట్టీలూనా?... అయ్యో, అది మన గేటు దగ్గర కుక్కేగా! ఎలా ఉంది? పడిపోయిందా?... పడుకోలేదా? ఇంకో గోడ నాకుతోందా?"

ఫోను చేత్తో మూసి అందరికేసి తిరిగింది. "రంగంతా నాకేసిందట! కడుపులో విషం! పశువుల డాక్టర్ని పిలవాలి, గొట్టం వేసి కడుపు కడిగించాలి. పాపం, మూగజీవం!"

"నా రంగు తిని కుక్క చచ్చిందంటే ఊళ్ళో నా షాపు గుమ్మం ఎవడైనా తొక్కుతాడా!" అని ఓనరుగారు ఫోర్కు కింద పడేశాడు. "ఏమయ్యా, ఏం కలిపావు అందులో? విషమా?"

భార్య బల్ల కింద నుంచి కాలితో తన్నింది, నోరు విప్పొద్దని. రంగులాయనకు ఒక పక్క ఉద్యోగం కనిపించింది, ఒక పక్క ఆ కుక్క గొంతులో గొట్టం కనిపించింది. కుక్క చేసిన తప్పేముంది? ఆ ఊళ్ళో అతని వంటని మెచ్చుకున్న ప్రాణి అదొక్కటే.

"గొట్టం వద్దమ్మా," అన్నాడు. "దానికేం కాదు. ఎర్రది టమాటా. తెల్లది పాలూ మైదా. పచ్చది పాలకూర, జీడిపప్పు. అన్నిట్లోనూ వెల్లుల్లి ఉంది. మీ గోడ మీదికెళ్ళింది మా ఇంటి భోజనం."

ఓనరుగారు నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి పై పళ్ళ సెట్టు మెల్లగా జారి గుమ్మడికాయ సాసులో పడింది. ఆయన దాన్ని తీసి, తుడిచి, పెట్టుకుని, అప్పుడు తిట్టడం మొదలుపెట్టాడు. డాక్టరమ్మ ఆయన తిట్లు వినడానికి ఆగలేదు. "నాకు నీళ్ళు కావాలి," అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"నన్ను ఆవిడ ముందు ఎదవని చేశావు! నా కింది దవడని కుక్కకి పెట్టావు! రేపు పొద్దున్నే మిషను వస్తుంది. నువ్వు షాపు ఛాయలకి రాకు. నీ కళ్ళు నువ్వు ఇంట్లోనే పెట్టుకో!"

"మీ అభిప్రాయం చెప్పినందుకు ధన్యవాదాలండీ," అంది ఇల్లాలు అలవాటుగా. అని నాలిక్కరుచుకుంది.

"ఏం బాబూ, తిన్న ప్లేటు ముందే కూర్చుని తిట్టాలా? లేచి చెయ్యి కడుక్కుని తిట్టొచ్చుగా," అంది అత్తగారు.

రంగులాయనకు షాపు కౌంటరు వెనక తను నిలబడే జాగాలో మిషను నిలబడి ఉండడం కళ్ళకు కట్టింది. అది కూడా ఏదో ఒక పాడు రంగులోనే కనిపించింది.

అంతలో వంటింట్లో గిన్నెలు దొర్లిన చప్పుడు. ఆ తర్వాత కేక. ఇంటివాళ్ళు ముగ్గురికీ ఒకేసారి దాచిన ప్లేటు గుర్తొచ్చింది. రంగులాయన కుర్చీ తన్నుకుంటూ లేచాడు. "తినకండమ్మా! అది తినేది కాదు!"

డాక్టరమ్మ ప్లేటు రెండు చేతులా పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. తినలేదు. దాన్ని దీపం కింద ఇటు తిప్పి, అటు తిప్పి, చంటిపిల్లని చూసినట్టు చూస్తోంది.

"ఇది ఎవరు కలిపారు?" అంది.

చూపించినవేవీ నచ్చని మనుషులుంటారు. వాళ్ళకు దాచినవే నచ్చుతాయి.

"టమాటా సంగతి వదిలెయ్యండి. అది దీని ముందు దిగదుడుపుకి కూడా పనికిరాదు. గోడలకి నాకు ఇదే కావాలి. ఈ నల్ల నలుసులతో సహా. ఇది కూడా భోజనమేనా?"

"కాదమ్మా, అది మాత్రం రంగే," అన్నాడు రంగులాయన. "నేను మీకోసం కలిపిన రంగులే. కాకపోతే..."

"నేను చేశానమ్మా," అంది అత్తగారు, కొంగు సర్దుకుంటూ. "ఎర్రది రెండు గరిటెలు, తెల్లది మూడు, పచ్చది చిటికెడు. ఉప్పు. ఆ నలుసులు మిరియాలు. దంచి వేశా."

ఓనరుగారి మొహం మీద కోపం అలాగే ఉంది గాని దాని వెనక లెక్కలు కదిలాయి. రంగు ఒప్పుకుంది, గోడలు, క్లినిక్కు, కింది పళ్ళు. గొంతు సవరించుకున్నాడు. "చూడండమ్మా, ఆ గరిటెల లెక్క చెబితే మా మిషనులో వేసి..."

"చిటికెడు అంటే ఎంత వేస్తుంది మీ మిషను?" అని అత్తగారు అడిగింది.

"చిటికెడంటే... మీరే చెప్పండి ఎంతో."

"చిటికెడంటే చిటికెడే. ఎవరి చిటికెడు వాళ్ళది. మిరియాలు దంచుతుందా అది?"

ఓనరుగారు డాక్టరమ్మ వంక చూశాడు. డాక్టరమ్మ ప్లేటు గుండెకు దగ్గరగా పట్టుకుంది. "ఇందులో వెంట్రుకవాసి తేడా వచ్చినా నేను ఒప్పుకోను," అంది. "మీ కింది పళ్ళు మీ ఇష్టం."

సోమవారం మిషను రాలేదు. కౌంటరు వెనక రంగులాయన యథాప్రకారం తన జాగాలో నిలబడ్డాడు. పక్కనే ఒక కుర్చీ వేయించుకుని, ఒళ్ళో గరిటె పెట్టుకుని అత్తగారు కూర్చుంది. "ఇంకొంచెం తెల్లది పొయ్యండి అల్లుడుగారూ... చాలు... చాలన్నానా!" అని ఆవిడ అంటుంటే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి రంగులాయన రెండు కళ్ళూ మూసుకుని రంగు కలిపాడు. వారం తిరక్కుండా క్లినిక్కు తెరిచారు, ఓనరుగారికి కింది పళ్ళు వచ్చాయి, వచ్చిన ఉత్సాహంలో అందరినీ ఇంకా స్పష్టంగా తిడుతున్నాడు. గోడలు చూసినవాళ్ళంతా బాగున్నాయంటున్నారు.

గేటు దగ్గర కుక్క మాత్రం రోజూ పొద్దున లోపలికొచ్చి, ఆ గోడని ఒక్కసారి నాకి, వంట చెడిన ఇంట్లో చుట్టంలాగా పైకేమీ అనకుండా వెళ్ళిపోతోంది.